తొట్టిలో పొత్రం

నాకు యాభై దాటాక చదవడం వచ్చింది. వచ్చిన కొత్తలో కంటబడ్డ కాగితాన్నల్లా కూడబలుక్కునేదాన్ని. సబ్బు రేపరు, మందుల చీటీ, బియ్యం సంచి మీది ముద్ర, ఏదీ వదల్లేదు. ఆ ఊపులోనే ఒక రోజు బడి సామాన్ల గదిలో బీరువా తుడుస్తూ, అడుగున దొరికిన పచ్చ అట్ట నోటుబుక్కు తెరిచాను. పాత సిస్టరుగారిది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాల్లో పసిపిల్లలతో ఏ రోజు ఏం చేయించాలో ఆమె అందులో రాసుకున్నారు. ఆమెది కేరళ. తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్నారు కాబట్టి అక్షరాలు గుండ్రంగా, దేనికది విడిగా ఉన్నాయి. అందుకే నాకు అందాయి.

ఏ వారం ఏ రంగు కొవ్వొత్తి, ఏ ప్రార్థన, ఎంత గడ్డి తెప్పించాలి, అన్నీ ఉన్నాయి. రెండో వారం పేజీ చివర మాత్రం వేరే సిరాతో ఒక్క ముక్క: "తొట్టిలో పొత్రం. సంగతంతా ఆయమ్మను అడిగి రాయాలి."

ఆ ఆయమ్మను నేనే. ఆమె మళ్లీ అడగలేదు. రెండేళ్లకు బదిలీ మీద వెళ్లిపోయారు. మా బడిలో ఇప్పటికీ డిసెంబరు వస్తే పశువుల తొట్టిలో, బాలయేసు బొమ్మ పెట్టే రోజు దాకా, గుడ్డలో చుట్టిన, పచ్చడి నూరే చిన్న పొత్రాన్ని పడుకోబెడతారు. ఎందుకని పిల్లలు అడిగితే కొత్త టీచర్లు "ఇక్కడి పద్ధతి" అంటారు. పద్ధతేమీ కాదు. ఒక ఏడు, ఒక ఐదేళ్ల పిల్ల, తన తల్లి ప్రాణం మీదికి తానే తెచ్చానని నమ్మింది. అలా నమ్మడానికి కారణమైన వస్తువును ఆ పిల్ల చేతిలో పెట్టి ఇంటికి పంపింది నేను. ఇప్పుడు రాయడం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. బడి ఖిలా వరంగల్ పోయే దారిలో, మగ్గాల వాడను ఆనుకొని ఉండేది. రెండు గదులు, ముందు వరండా, వెనక వంటకు రేకుల షెడ్డు. నలభై మంది దాకా పిల్లలు, అందరూ ఆరేళ్ల లోపువాళ్లే. మేం గుడి అనే చర్చికి వచ్చే ఇళ్ల పిల్లలు పదిమంది కూడా ఉండరు. మిగతావాళ్లంతా జంపఖానాలు నేసే ఇళ్ల నుంచి వచ్చేవారు. వాళ్లకు మా ప్రార్థనలతో పని లేదు. మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెడతారని, తల్లులు నూలు కండెలు చుట్టుకునేంతసేపు పిల్లలు కాళ్లకు అడ్డం పడరని పంపేవారు.

ఊడ్వడం, ముక్కులు తుడవడం, తగువులు తీర్చడం నా పని. మాది రఘునాథపల్లి దగ్గర పల్లె. మా తాత కాలంలోనే గుడిలో కలిశాం. దేవుడు మారాడు గాని, పుట్టుకల దగ్గర, చావుల దగ్గర ఊరి కట్టుబాట్లేవీ మా ఇళ్లు వదల్లేదు.

సిస్టరుగారి ప్రార్థన పుస్తకంలోని తెలుగు పిల్లలకు ఎక్కేది కాదు. అందుకని ముందు రోజు సాయంత్రం ఆమె నాకు ప్రార్థన చదివి వినిపించేవారు. రెండుసార్లు వింటే నాకు పట్టుబడేది. మర్నాడు దాన్ని పిల్లల మాటల్లోకి తెచ్చి చెప్పించేదాన్ని. "రా బాలయేసూ, మా ఇంట్ల జాగ ఉన్నది, మెత్తగ పరుస్తం, వెచ్చగ కప్పుతం." చెప్పేటప్పుడు చేతులతో పరిచినట్టు, కప్పినట్టు చూపించేదాన్ని. నలభై జతల చేతులు అలాగే చేసేవి. నాకు చదువు రాదని ఆమెకు తెలుసు. ఆమె చదివినదాన్ని నేను మాట మార్చి చెబుతానని కూడా తెలుసు. మార్చింది చాలాసార్లు బాగుందనేవారు. అయినా నా లెక్కలో పుస్తకం పుస్తకమే. పుస్తకంలోంచి వచ్చిన పని తప్పయ్యే వీలు లేదనుకునేదాన్ని.

క్రిస్మస్ ముందరి నాలుగు వారాల ఆగమన కాలం మొదలైన మర్నాడు, సోమవారం, వరండాలో పచ్చని చక్రం పెట్టేవాళ్లం. కుండల కింద పెట్టే చుట్టకుదురు లాంటిదే, వరిగడ్డితో పెద్దగా చుట్టి, అశోక ఆకులు గుచ్చి, నాలుగు మట్టిముద్దలు అద్ది వాటిలో నాలుగు కొవ్వొత్తులు నిలిపేదాన్ని. మూడు ఊదావి, ఒకటి గులాబీది. వారానికొకటి చొప్పున వెలిగిస్తూ పోవాలి. నాలుగూ వెలిగితే పండుగ వచ్చినట్టు. పక్కన వెదురు బద్దలతో చేసిన ఖాళీ పశువుల తొట్టి ఉండేది. పిల్లలు ఒక మంచి పని చేస్తే అందులో ఒక గడ్డిపోచ వేయాలి. పండుగ నాటికి బాలయేసుకు పడక మెత్తబడాలి.

ఒకడు గుప్పెడు గడ్డి తెచ్చి వేశాడు. ఏం మంచి పని చేశావంటే తమ్ముణ్ణి కొట్టలేదన్నాడు. ఇన్నిసార్లా అని అడిగాను. "ఇన్నిసార్లు కొట్టబుద్ధయింది ఆయమ్మా, కొట్టలే" అన్నాడు. సిస్టరుగారు నవ్వి ఆ గడ్డంతా ఉంచమన్నారు.

ఆ ఏడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. బడిలో ఒక్క తొట్టి చాలదు, ప్రతి పిల్లా తన ఇంట్లో ఒకటి పెట్టుకోవాలి, ఇంట్లో చేసిన మంచి పనికి ఇంట్లోనే పోచ వేయాలి. మేదరివాళ్ల దగ్గర వెదురు బద్దలు తెప్పించారు. రెండో వారం ముందరి శనివారం పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి చేయించాం. రెండు పొడుగు బద్దలు, వాటి మీద అడ్డంగా చిన్న బద్దలు, నూలు దారంతో కట్లు, పైన వరిగడ్డి. కాళ్లు నిలబెట్టడం చిన్న చేతులకు రాలేదు. కాళ్లు లేకుండానే ఉండనివ్వమన్నారు సిస్టరుగారు.

కాళ్లు లేకపోయేసరికి అవి తొట్టుల్లా లేవు. వరండా పొడుగునా వరుసగా పెట్టినవి చూసి నా చేతిలోని దారం కింద పెట్టేశాను. మా ఊళ్లలో పీనుగును మోసే పాడెను అచ్చం అలాగే కడతారు. రెండు పొడుగు వెదుళ్లు, అడ్డకర్రలు, మీద వరిగడ్డి.

పిల్లల్లో ఒకతె రెండు జడల పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. వాళ్లమ్మకు ఎనిమిదో నెల నిండుతోంది. ఈ పిల్ల తర్వాత ఇద్దరు పుట్టి పురిటిలోనే పోయారని వాడంతా తెలుసు. పిల్ల తన తొట్టిని రెండు చేతుల మీద పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఆయమ్మా, మా ఇంట్ల గూడ పాపడు వస్తాండు. ఇది ఆనికి."

కానుపు కాకముందు ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, పుట్టబోయే బిడ్డకని గుడ్డ కూడా కుట్టించకూడదు. ఈ మాట నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నాకు మొదటి కడుపు నిలిచినప్పుడు ఆశ పట్టలేక చిన్న గౌను కుట్టించి పెట్టెలో దాచుకున్నాను. బిడ్డ దక్కలేదు. మళ్లీ కలగలేదు కూడా. ఆ గౌనే బిడ్డను మింగిందని మా అత్త చివరిదాకా అన్నది. గుడిలో ఫాదరుగారు అదంతా వట్టిదన్నారు. నేనూ వట్టిదే అనుకోవడం నేర్చుకున్నాను.

సిస్టరుగారు పక్కనే ఉన్నారు. చేతిలో పుస్తకం తెరిచి ఉంది. మాట నాలుక మీదికి వచ్చింది. అమ్మా, ఇది ఈ పిల్ల ఇంటికి పంపొద్దు అంటే చాలు. ఎందుకని అడుగుతారు. చెబితే, ఇన్నేళ్లు గుడిలో ఉండి ఇంకా ఇదా అంటారు. అక్షరం ముక్క రాని దానివి పుస్తకానికి వంక పెడతావా అని ఆమె అనరు, కానీ నాకు నేనే అనుకుంటాను. గడ్డి జారకుండా దారం ఇంకో చుట్టు చుట్టి, తొట్టి పిల్ల చేతిలో పెట్టాను. జాగ్రత్తగా తీసుకుపో అన్నాను.

సోమవారం ఆ పిల్ల రాలేదు. రెండో కొవ్వొత్తి వెలిగించాం. చేతులతో పరిచినట్టు చూపిస్తూ ప్రార్థన చెప్పిస్తుంటే నా కళ్లు గేటు మీదే ఉన్నాయి. మంగళవారమూ రాలేదు. వాళ్ల పక్కింటి పిల్లను అడిగితే, వాళ్లమ్మను ఆదివారం పెద్ద దవాఖానకు తీసుకుపోయారని చెప్పింది. అంతకుమించి దానికి తెలియదు.

మధ్యాహ్నం పిల్లలు వెళ్లగానే, ఎవరికీ చెప్పకుండా మగ్గాల వాడకు పోయాను. వాడంతా మగ్గాల చప్పుడు. మోరీల్లో ఎర్రరంగు నీళ్లు. ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి లోపల చప్పుడు లేదు. మగ్గం సగం నేసిన జంపఖానాతో ఆగి ఉంది. పిల్ల నాయనమ్మ గడపలో కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

వెదురు తొట్టి ప్రహరీ గోడ మీద ఉంది. గాలికి పోకుండా దాని మీద ఒక పెంకు బరువు పెట్టారు.

కోడలికి ఎట్లా ఉందని అడిగాను. ఒళ్లంతా నీరు పట్టిందని, కళ్లు మసకలు కమ్ముతున్నాయన్నదని, డాక్టరమ్మ ఇద్దరిలో ఒకరి మీదనే ఆశ పెట్టుకోమన్నదని, దారం మీంచి కళ్లెత్తకుండానే చెప్పింది. కొడుకు దవాఖాన మెట్ల మీదనే ఉన్నాడట. పిల్ల ఏదని అడిగాను. గడ్డంతో లోపలికి చూపించింది.

అది గుంట మగ్గాల వాడ. నేసేవాళ్లు కాళ్లు కిందికి పెట్టి తొక్కడానికి మగ్గం కింద నడుము లోతు గుంట ఉంటుంది. పిల్ల ఆ గుంటలో కూర్చుని ఉంది. ఆదివారం నుంచి అందులోనే ఉంటోందని, అన్నం కూడా అందులోకే అందిస్తున్నామని ముసలామె అన్నది. వంగి చూశాను. రెండు జడలూ ఊడి ఉన్నాయి. నన్ను చూసి అడిగింది.

"ఆయమ్మా, నేను పాపనికి పక్క వేసినందుకే అమ్మకు గట్లయిందా?"

కాదన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. పిల్లకెలా నమ్మబుద్ధి అవుతుంది? మొహం గోడకు తిప్పుకుంది.

అప్పుడు రాట్నం ఆగింది.

"పిల్లనేమనకు. పిల్లకేమెర్క? నువ్వు చెప్పు. కానుపు గాకముందు ఖాళీ పక్క వేస్తరా ఎక్కడన్నా? పోనీ అది పక్క లెక్కన్న ఉన్నదా? దేని లెక్కున్నదో ఆ మాట ఈ ఇంట్ల నా నోటితోని అనిపియ్యకు."

నేను తల దించుకున్నాను.

"మీ సిస్టరమ్మది పరాయి దేశం. ఆమెకెర్క లేదు. నువ్వు ఈడిదానివేనాయె. నీకు గూడ ఎర్క లేదా?"

లేదంటే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా. గుంటలో పిల్ల కదలకుండా వింటోంది.

"ఎర్కే అవ్వా" అన్నాను. "చూసిన. చూసి గూడ ఇచ్చిన."

ఆమె తిడితే బాగుండుననిపించింది. ముసలామె రాట్నం మీద తెగిన దారం కొస వెతుక్కుని, తడి చేసి, ముడి వేసుకుంది. తర్వాత తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పింది. తొట్టిని పొయ్యిలో పెడదామనుకుందట, కానీ కట్టెలు, గడ్డి కలిపి కాల్చడం దేనికి గుర్తో తలుచుకుని చెయ్యి రాలేదట. పారేద్దామంటే, బిడ్డకని వేసిన పక్కను పారేసినట్టవుతుంది. ఇంట్లో ఉంచలేదు, బయట ఉంచలేదు. అందుకే గోడ మీద పెట్టింది. మూడు రోజులుగా ఇంట్లోకి పోయినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా దాన్నే చూస్తోంది.

నాకు అర్థమైంది. రేపు దవాఖాన నుంచి చెడు కబురు వస్తే, ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోయినా, ఆ పిల్ల ఆ గుంటలోంచి ఎప్పటికీ బయటికి రాదు.

వాకిట్లో సన్నెకల్లు ఉంది, దాని మీద నూరే పొత్రం ఉంది. పురుడు వెళ్లాక బిడ్డను ఉయ్యాలలో వేసే రోజు మా ఇళ్లలో ఏం చేస్తారో అప్పుడు తట్టింది. ముందు పొత్రానికి స్నానం చేయించి, గుడ్డ చుట్టి, బిడ్డలాగా ఉయ్యాలలో పడుకోబెట్టి రెండు ఊపులు ఊపుతారు. దోషమేదన్నా ఉంటే రాయి మోస్తుంది. ఆ తర్వాతే బిడ్డను వేస్తారు.

"అవ్వా, ఖాళీగ ఉన్నందుకే గద దోషం. ఖాళీగ ఉంచొద్దు. పొత్రం పండవెడ్దం" అన్నాను.

ఆమె పొత్రం వైపు చూసి తల అడ్డంగా తిప్పింది.

"మా రాయి వద్దు. మా రాయిని రెండుసార్లు కడిగిన. రెండుసార్లు ఉయ్యాల దాంక రానే లేదు."

నా ఇంట్లో రాయి తెస్తానన్నాను. అంటూనే నాలుక కరుచుకున్నాను. నా ఇంట్లో పిల్లలెక్కడ? ముసలామె మర్యాదగా ఇంకో వైపు చూసింది.

"పిల్లలు తినే ఇంటి రాయి గావాలె" అన్నది.

నలభై మంది పిల్లలు తినే ఇల్లు నాకు ఒక్కటే తెలుసు.

బడికి తిరిగి వచ్చేసరికి వంటామె వెళ్లిపోయింది. సిస్టరుగారు గుళ్లో ఉన్నారు. వంట షెడ్డు తాళం చెవి నా కొంగుకే ఉంటుంది. పొత్రం తీసి, అంటుకున్న పచ్చడి కడిగి, కొంగులో పెట్టుకుని నడుముకు చుట్టుకున్నాను. అడగకుండా బడి నుంచి ఒక గరిటె కూడా నేను ఎన్నడూ తీసుకుపోలేదు. ఇప్పుడు మొయ్యలేనంత బరువు కడుపు మీద పెట్టుకుని నడుస్తున్నాను. ఎదురొచ్చినవాళ్లు నా నడుము వైపు చూసి మొహం వైపు చూశారు. ఈ వయసులోనా అన్నట్టు చూసినవాళ్లూ ఉన్నారు.

దీపాలు పెట్టే వేళకు ముందే చేరాను. ముసలామె గోడ మీంచి తొట్టిని తనే దించింది. పొడుగ్గా పరిచి ఉన్న గడ్డిని తీసి అడ్డంగా పరిచింది. ఎందుకని నేను అడగలేదు. పాడె మీద గడ్డి పొడుగునే వేస్తారు. కోడలి పాత చీర చింపి పొత్రానికి చుట్టింది. పసుపు బొట్టు పెట్టబోయి నా వైపు చూసి ఆగింది. పెట్టమన్నాను.

గుంట దగ్గరికి పోయి పిల్లను పిలిచాను. పాపడు వచ్చేదాకా ఈ రాయి ఆ జాగాలో పడుకుంటుందని, ఏ చెడు వచ్చినా దీనికే తగులుతుందని, రాయి కదా, దానికేం కాదని చెప్పాను. పిల్ల ఆలోచించింది.

"దీనికి సలి వెట్టదా?"

"పెడ్తది. జర కప్పు" అన్నాను.

పిల్ల గుంటలోంచి చేతులు చాచింది. ఎత్తుకున్నాను. గడ్డిపోచ ఒకటి తీసి రాయి పక్కన పెట్టి, చీర ముక్క అంచు దాని మీదికి లాగింది. మేం బడిలో చేసినట్టే రెండు చేతులతో కప్పింది. ప్రార్థన మాటలు అనలేదు. ముసలామె ముందు అనకూడదేమో అనుకున్నట్టుంది. నేనూ అనమనలేదు.

మర్నాడు వంటామె పొత్రం కోసం షెడ్డంతా వెతికింది. ఆ రోజు పచ్చడి లేకుండానే ఉప్మా పెట్టాం. పిల్లలు ఊరుకోలేదు. సంగతి సిస్టరుగారి దాకా పోయింది. ఆమె నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. అంతా చెప్పాను. కాళ్లు లేని తొట్టి దగ్గర నా నోటికి వచ్చి ఆగిపోయిన మాట కూడా చెప్పాను.

ఆమె మొహం ఎర్రబడింది. కోపం పొత్రం తీసినందుకు కాదు. మనం పిల్లలకు దేవుడి మీద నమ్మకం నేర్పుతున్నామా, రాయి మీదా అని అడిగారు. ఆ తల్లికి రేపు ఏదైనా జరిగితే ఆ రాయి ఏం చేస్తుంది, పిల్లకు నువ్వు ఏం జవాబు చెబుతావు అన్నారు.

ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు నాకు. కొంగు కొస పట్టుకున్నాను.

"ఏమన్నయితే రాయి మీద పెట్టుకుంటరు సిస్టరమ్మా. రాయి తెచ్చిన నా మీద పెట్టుకుంటరు. పిల్ల మీద పెట్టరు. రాయి గందుకే."

ఆమె కిటికీ వైపు తిరిగారు. కిటికీలోంచి వరండాలో చక్రం కనిపిస్తోంది. ఇంకా రెండు కొవ్వొత్తులు వెలిగించవలసి ఉంది. చివరికి, ఆ మాట నాకు శనివారమే ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు. మీ చేతిలో పుస్తకం ఉంది అన్నాను. ఆమె చేతిలో అప్పుడు ఏమీ లేదు. రెండు అరచేతులూ బల్ల మీద పెట్టి వాటినే చూసుకున్నారు. సొరుగు లాగి పచ్చ అట్ట నోటుబుక్కు తీసి ఏదో రాశారు. ఏం రాశారో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం రాలేదు. నన్ను పనిలోంచి తీసేయడం గురించేమో అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆమె, నేను కలిసి, మిగతా పిల్లల ఇళ్లకు పోయి తొట్టులకు కాళ్లు కట్టి వచ్చాం. వంటామెకు కొత్త పొత్రం తెప్పించారు.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. పిల్ల బడికి వస్తోంది. జడలు నాయనమ్మ వేస్తోంది, ఒకటి పైకి ఒకటి కిందికి. రోజూ పొద్దున రాగానే నా చెవిలో రాయి సంగతి చెప్పేది. నిన్న ఎండలో పెట్టామని, పిల్లి వాసన చూసిందని. తల్లి సంగతి నేను అడిగేదాన్ని కాదు. అడిగితే ఆ రోజు జవాబు ఏమవుతుందోనని భయం. మూడో వారం గులాబీ కొవ్వొత్తి వెలిగించాం. అది సంతోషానికి గుర్తని సిస్టరుగారు పిల్లలకు చెబుతూ ఒకచోట మాట మరిచిపోయారు. ఆమె కూడా నాలాగే గేటు వైపు చూస్తున్నారని అప్పుడు గమనించాను. దవాఖానలో నర్సులుగా పనిచేసే సిస్టర్ల ద్వారా ఆమె రోజూ కబురు తెప్పించుకుంటున్నారు. నాతో మాత్రం, ఇంకా కానుపు కాలేదు అని ఒక్కటే చెప్పేవారు.

నాలుగో కొవ్వొత్తి వెలిగించిన సోమవారం పిల్ల వచ్చింది. మంగళవారం వచ్చింది. బుధవారం రాలేదు. ఆ రోజు సిస్టరుగారికి కూడా కబురు రాలేదు.

గురువారం పండుగ సెలవులకు ముందు చివరి రోజు. పిల్లలు చక్రం చుట్టూ కూర్చున్నారు. నేను వరండా చివర నిలబడి ఉన్నాను. రోడ్డు మీద ముసలామె వస్తూ కనిపించింది. ఒక్కతే. పిల్ల లేదు. ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. కొంగులో ఏదో బరువు ఉంది. దాన్ని రెండు చేతులతో కింది నుంచి పట్టుకుని వస్తోంది.

పొత్రం తిరిగి తెస్తోంది.

తొట్టిలో బిడ్డ పడుకుంటే పొత్రంతో పని ఉండదు. తొట్టితోనే పని లేకపోయినా ఉండదు. ఆ నడకను బట్టి ఏదీ తెలియలేదు. ముసలివాళ్లు సంతోషంలోనూ అలాగే నడుస్తారు. పిల్లలు "మెత్తగ పరుస్తం" అనే దగ్గరికి వచ్చారు. నా నోరు వాళ్లతో కదలడం మానేసింది. సిస్టరుగారు లేచి నిలబడ్డారు.

ఆమె వరండా మెట్ల దగ్గరికి వచ్చి, ఆయాసం తీర్చుకుని, కొంగు విప్పి పొత్రాన్ని నా చేతుల్లో పెట్టింది. చీర ముక్క ఇంకా చుట్టే ఉంది.

"జర అంచు పోయిందే" అన్నది. "పొల్ల ఎత్తుకుంటనని పట్టు వట్టి కింద పడేసింది. ఫికర్ జెయ్యకు, నూరుతది."

నేను ఆమె మొహం వైపే చూస్తున్నాను. రాత్రంతా నిద్ర లేని కళ్లు. అవి దేనికోసం మేలుకున్నాయో చెప్పడం లేదు.

"అవ్వా" అన్నాను.

"నిన్న పొద్దుగూకంగ. ఆడపిల్ల. గుప్పెడంత ఉన్నది, కరెంటు బుడ్డి కింద వెచ్చగ పెట్టిన్రు. తల్లికి ఇంక కండ్లు సక్కగ ఆనుతలెవ్వు గని, బిడ్డను తడిమి తడిమి చూసుకుంటాంది." కొంగు దులుపుకుంది. గడ్డిపోచలు రెండు రాలాయి. "నీ రాయి నీకే. దాని జాగ దానికి లేదిప్పుడు. పెద్దది పొద్దటి నుంచి దవాఖానలనే కూసున్నది, ఆ పొల్లను ఎవ్వర్ని ముట్టనిస్తలేదు."

సిస్టరుగారు మెట్లు దిగి వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. ముసలామె కాసేపు పట్టుకోనిచ్చి, దవాఖానకు గంజి తీసుకుపోవాలని విడిపించుకుంది. వెళ్తూ వెళ్తూ వరండాలో ఉన్న మా తొట్టి వైపు చూసింది. నిండా గడ్డి ఉంది, మధ్యలో ఖాళీగా ఉంది. ఆమె నా వైపు చూసి వెళ్లిపోయింది.

పొత్రం ఇంకా నా చేతుల్లోనే ఉంది. నేను సిస్టరుగారి వైపు చూశాను. ఆమె పక్కకు జరిగి తొట్టి దగ్గరికి నాకు దారి ఇచ్చారు.